అహర్గణం

అనంతపురం జిల్లాలోని ఒక మెట్ట గ్రామంలో విశ్రాంత జీవితం గడుపుతున్న ఆ ఉపాధ్యాయునికి ఒక చిరకాలపు అలవాటు ఉండేది. చేనిలోని బావిలోకి చేంతాడు జారవిడిచి, నీరు ఎన్ని మూరల లోతున ఉన్నదో కొలిచి, తేదీతో సహా నోటు పుస్తకంలో వ్రాసుకొనేవారు. 1999లో ఆరంభమైన ఆ లెక్క నాలుగేండ్లు సాగింది. వానలు పడే రోజులలో ఉత్సాహంతో వారానికి రెండు పర్యాయాలు కొలిచిన వారే, ఎండలు ముదిరినప్పుడు నెలల తరబడి బావి వంక చూడలేదు. ఎండుతున్న బావిని పదేపదే చూడడానికి ఏ రైతుకు మనసొప్పుతుంది?

దేశమంతటా అనావృష్టి పీడించిన 2002 గడచిన పిమ్మట, బావి పక్కన బోరు వేయించాలా, వద్దా అనే ప్రశ్న ఆ ఇంటి ముందు నిలిచింది. బోరు అంటే అప్పు. నీరు పడకపోతే అప్పు తీర్చడానికి చేను అమ్మవలసినదే. హైదరాబాదులో చదువుతున్న కుమార్తె వేసవి సెలవులకు వచ్చి, ఆ లెక్కలన్నీ కంప్యూటరులోని పట్టికకు ఎక్కించి రేఖాచిత్రం గీసింది.

మొదటి చిత్రంలో బావి ఏడాదిలో అధిక భాగం నిండుగానే కనిపించింది. కారణం విచిత్రమైనది. కంప్యూటరు తేదీలను తేదీలుగా గ్రహించక, వట్టి అక్షరాలుగా భావించి, వరుసగా సమాన దూరంలో పేర్చింది. మూడు దినాల ఎడమైనా, మూడు నెలల ఎడమైనా దాని దృష్టిలో ఒకటే. తరచుగా కొలిచిన వానకాలం చిత్రమంతా పరచుకొనగా, అరుదుగా కొలిచిన వేసవి ఇరుకున పడి నలిగిపోయింది.

తేదీలను సంఖ్యలుగా మార్చితే ఈ దోషం తొలగుతుందని ఆమెకు తెలుసు. ఒక దినాన్ని ఆదిగా నిర్ణయించుకొని, అక్కడి నుండి ఎన్నవ దినమో లెక్కించడమే ఆ మార్పు. ఎక్సెల్ 1900 జనవరి 1ని ఒకటిగా లెక్కిస్తుంది. మాట్‌ల్యాబ్ శూన్య సంవత్సరపు జనవరి 1 నుండి ఎంచుతుంది. ఎక్సెల్ లెక్కలో అసలు లేనే లేని 1900 ఫిబ్రవరి 29 కూడా చేరి ఉన్నది! అంతకు పూర్వపు లోటస్ 1-2-3లోని పొరపాటును, దాని పట్టికలకు అనుగుణంగా ఉండడం కోసం, తెలిసీ అలాగే నిలుపుకొన్నారు. ఆది ఏదైనా చిక్కు లేదు. ఏ మైలురాయి నుండి కొలిచినా రెండు ఊళ్ల నడుమ దూరం మారదు కదా!

ఆమె మార్చింది. చిత్రం మరింత ఆశాజనకంగా వచ్చింది. 2001లో అడుగంటిన బావి నాలుగే దినాలలో ఆరు మూరలు పైకి ఊరినట్లు అందులో కనిపించింది.

"ఊట ఇంత బలంగా ఉంటే బోరు వేయించవచ్చు నాన్నా!" అన్నది ఆమె సంతోషంగా.

ఆయన కళ్లద్దాలు సవరించుకొని చాలాసేపు చూశారు. "నాలుగు దినాలలో ఏ బావి ఊరుతుందమ్మా? ఆ ఏడు వానల కోసం మేము ఎన్ని నెలలు ఎదురుచూశామో నాకు గుర్తున్నది. నీ యంత్రం ఎక్కడో తప్పుతున్నది" అన్నారు.

నోటు పుస్తకం తెరిచారు. ఆయన వ్రాసినవి 4-6-2001, 4-10-2001. అనగా జూన్ నాలుగు, అక్టోబరు నాలుగు. అమెరికా పద్ధతికి అమర్చి ఉన్న కంప్యూటరు నెలను ముందుగా చదివి, వాటిని ఏప్రిల్ ఆరు, ఏప్రిల్ పదిగా గ్రహించింది. 37046, 37168 కావలసిన సంఖ్యలు 36987, 36991 అయినాయి. నూట ఇరవైరెండు దినాలు నాలుగు దినాలకు కుంచించుకొనిపోయాయి! పన్నెండు దాటిన తేదీలకు పదమూడవ నెల దొరకక, అవి అక్షరాలుగానే మిగిలి గడిలో ఎడమకు ఒదిగి ఉన్నాయి. తప్పును పట్టి ఇచ్చే ఆనవాలు అదే. ఆమె దానిని గమనించలేదు.

"దినాలు లెక్కపెట్టడం మన పంచాంగకర్తలకు కొత్త కాదు. దానిని అహర్గణం అంటారు" అంటూ ఆయన కాగితం అందుకొన్నారు. సూర్యసిద్ధాంతం వంటి గ్రంథాలలో గ్రహగణితానికి ఆధారం ఈ దినసంఖ్యయే. కలియుగాది క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18, శుక్రవారం. అప్పటి నుండి 1947 ఆగస్టు 15 నాటికి గడచిన దినాలు 18,43,947. ఏడుతో భాగిస్తే శేషం సున్న. కనుక అదీ శుక్రవారమే. "వారం సరిపోలితేనే మేము లెక్కను నమ్మేవాళ్లం. నీవూ అలా ఒకటి రెండు సరిచూసుకో."

ఆ రాత్రి ఆమె ప్రతి తేదీనీ దినం, నెల, సంవత్సరం అని మూడు గడులుగా విడదీసి, తిరిగి కూర్చి, వారాలు సరిచూసింది. తెల్లవారిన తరువాత వచ్చిన మూడవ చిత్రంలో వేసవి లోయలు వెడల్పుగా పరచుకొని ఉన్నాయి. ఏటికేడు అవి మరింత వెడల్పవుతున్నాయి. బావి కోలుకోవడానికి నెలలు పడుతున్నది.

ఆయన మారుమాట లేకుండా ఆ కాగితం మడిచి నోటు పుస్తకంలో పెట్టుకొన్నారు. ఆ ఏడు బోరు వేయించలేదు. బావి కింది వరి మడిలో కంది విత్తారు. మరుసటి కొలత నుండి నోటు పుస్తకంలో తేదీ పక్కన, నెల పేరును అక్షరాలలో వ్రాసి, దినసంఖ్యకు మరొక గడి గీశారు.