గాలి సోకనివ్వండి

మా చెల్లెలి కొడుకు పాత వ్యానొకటి కొని అందులో ఇల్లు కట్టాడు. వింటే మీరూ నాలాగే నవ్వుతారు. ఇల్లంటే నిజంగా ఇల్లే. వెనక సీట్లు పీకేసి ప్లైవుడ్ మంచం వేశాడు. మంచం కింద బియ్యం డబ్బా, పప్పుల డబ్బాలు. ఓ మూల అరచేయంత సింకు, దాని పక్కన ఒంటి పొయ్యి, దాని కింద ఐదు కిలోల గ్యాసు సిలిండరు.

“పెద్దమ్మా, దీన్ని క్యాంపర్ వ్యాన్ అంటరు. ఎండాకాలం లడఖ్ పోతున్న” అన్నాడు గొప్పగా.

“ఇందులో వింతేముందిరా? మన నల్లగొండ, పాలమూరు వాళ్ళం ఎడ్లబండ్లు కట్టుకొని చెర్వుగట్టుకూ కురుమూర్తికీ పోయినవాళ్ళమే. బండి పక్కన వండుకున్నం, బండిలనే పండుకున్నం” అన్నాను.

మా బండికి తలుపుల్లేవు, అద్దాల్లేవు. అదే మా అదృష్టమని అప్పటికి నాకు తెలియదు.

లడఖ్‌కు ముందు పరీక్షగా శ్రీశైలం పోదామన్నాడు. వాడూ, మా చెల్లెలూ, నేనూ, మా చిన్నమ్మా బయలుదేరాం. చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, ప్రయాణమంటే పడుచుపిల్లలా ముందు కూర్చుంటుంది. సంక్రాంతి వెళ్ళిన నాలుగోనాడు. దేవరకొండలో చుట్టాలను పలకరించి, డిండి దగ్గర చాయ తాగి, మాటల్లో పడి మన్ననూరు చేరేసరికి తొమ్మిది దాటింది. నల్లమల అడవి గేటు వేసేశారు. ఇక తెల్లవారి ఆరింటికే తీస్తారు.

“ఏం ఫికరు లేదు. ఇల్లు మనెంబడే ఉన్నది” అన్నాడు మావాడు.

మీకు అమ్రాబాద్ గుట్టల చలి తెలుసో తెలియదో! పగలంతా ఎండ చుర్రుమంటుందా, రాత్రి అయ్యేసరికి ఎముకల్లోకి దిగుతుంది. వాడు వ్యాను తలుపులు బిగించాడు. అద్దాల సందుల్లో పాత చీరముక్కలు కుక్కాడు. అప్పుడు అట్టపెట్టెలోంచి కొత్త పెళ్ళికూతుర్ని దించినట్టు ఒక గ్యాసు హీటరు తీశాడు. పళ్ళెమంత పలక. సిలిండరుకు తగిలించి అగ్గి ముట్టిస్తే పలక ఎర్రగా కాలి, ఐదు నిమిషాల్లో వ్యానంతా వెచ్చబడింది. నేనూ మా చెల్లెలూ చేతులు చాపి కూర్చున్నాం.

చిన్నమ్మ మాత్రం తలుపు దగ్గరికి జరిగింది. “కుంపటి లెక్కనే ఉన్నది గదరా ఇది” అంది. మరి కాసేపటికి, “నేనిండ్ల పండ. హోటలు అరుగు మీద పండుకుంట” అని చెప్పులు వెతుక్కోసాగింది.

చలికి వణుకుతూ బయట పడుకుంటానంటుందేమిటని మావాడు తెల్లబోయాడు. నాకు మాత్రం అర్థమైంది. ఆ ఇంట్లో ఆ రోజున నేనూ ఉన్నాను మరి.

1966. నాకు ఎనిమిదేళ్ళు. దేవరకొండ దగ్గర మా అమ్మమ్మగారి ఇల్లు. చిన్నమ్మ తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది. కొడుకు. బాలింతను ఉంచే అర్ర ఎట్లా ఉండేదో మీలో పెద్దవాళ్ళకు చెప్పనక్కర లేదు. కిటికీ ఉండదు. దర్వాజకు బొంత వేలాడేస్తారు. నులకమంచం కింద బొగ్గుల కుంపటి, అందులో వామూ సాంబ్రాణీ. పచ్చి బాలింతకు గాలి తగలగూడదని శాస్త్రం. ఆ రాత్రి చలి ఎక్కువగా ఉందని అమ్మమ్మ కుంపటి నిండా బొగ్గులు పోసింది. బిడ్డ మీది ప్రేమకొద్దీ దర్వాజ దగ్గరికేసింది. చిన్నమ్మ లోపలినుంచి గొళ్లెం పెట్టుకుంది.

తెల్లారి పిలిస్తే పలకలేదు. తలుపు పగలగొట్టారు. చిన్నమ్మను వాకిట్లోకి మోసుకొచ్చి పడుకోబెడితే చాలాసేపటికి కళ్ళు తెరిచింది. పసివాడు తెరవలేదు.

ఊరంతా ఒకటే మాట: గాలి సోకింది. ముందురోజు చీకటిపడే వేళ చిన్నమ్మ జుట్టు విరబోసుకొని పెరట్లోకి వెళ్ళిందట. ఎవరో చూశారట. వేపమండలు కట్టారు, తాయెత్తు కట్టారు. అందరికంటే ఎక్కువగా ఆ మాట నమ్మింది చిన్నమ్మే. తర్వాత ముగ్గురు పిల్లలు పుట్టారు, పెరిగారు, మనవలొచ్చారు. కానీ ఏ కాన్పులోనూ పొద్దుగూకాక ఆమె గడప దాటలేదు. కుంపటిని చూస్తే మాత్రం ముఖం తిప్పుకునేది.

ఇదంతా మావాడికి చెప్పాను. వాడు మారు మాట్లాడకుండా హీటరు ఆర్పి, తలుపు బార్లా తీశాడు. తర్వాత అట్టపెట్టెలోంచి ఒక పుస్తకం తీశాడు. హీటరుతో వచ్చిందే. కొన్నప్పుడు చదవలేదట! మనం మిక్సీ పుస్తకం చదువుతామా ఏమిటి, వాణ్ణి అనడానికి? టార్చిలైటు పెట్టుకొని చదివాడు. చదివేకొద్దీ ముఖం పాలిపోయింది. “మూసిన చోట వాడొద్దంట. పండుకున్నప్పుడు అసలే వద్దంట” అన్నాడు మెల్లిగా.

“ఎందుకట?” అంది చిన్నమ్మ.

“నిప్పుక్కూడ గాలి కావాలె అమ్మమ్మా. మూసిన అర్రల గాలి తక్కువైతే నిప్పు సరిగ్గ మండదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడని ఒక విషపు గాలి పుడుతది. బొగ్గుల కుంపటైతే ఇంకా ఎక్కువ. మన నెత్తురు ఊపిరిగాలిని ఒళ్ళంత మోస్తది గద, బస్సు లెక్క. ఈ విషపు గాలి ముందే ఎక్కి సీటు మీద తువ్వాల ఏసుకుంటది. ఊపిరిగాలికన్న రెండువందల రెట్లకు మించి గట్టిగ పట్టుకుంటది, దిగమన్న దిగదు. ఊపిరిగాలికి జాగ దొరకదు.”

“వాసన రాదా?”

“రాదు. రంగు ఉండదు. నిప్పులు ఎర్రగ రాజుకున్నంక పొగ గూడ కనపడదు. తలనొప్పి లేస్తది, కడుపుల తిప్పుతది, మత్తొస్తది. నిద్రనే అనుకుంటరు. పసిపిల్లలకైతే ఇంకా తొందరగ.”

చిన్నమ్మ కాసేపు చీకట్లోకి చూసింది. “అయితే నేను పెరట్లకు పోయినందుకు గాదా?” అంది.

“కాదు చిన్నమ్మా” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

“మల్లొకసారి సదువు కొడుకా” అంది వాడితో. వాడు చదివాడు. మూడోసారి కూడా చదివించుకుంది. ఏడవలేదు. దాదాపు అరవై ఏళ్ళు మోసిన మూట దించినవాళ్ళు ముందు ఏడవరేమో, భుజం తడుముకుంటారేమో.

గాలి సోకింది అన్నారు ఊరివాళ్ళు. ఎంత తలకిందుల మాట! ఆ పసివాడికి గాలి సోకలేదు. సోకకనే పోయాడు.

అదేదో పాతకాలపు ముచ్చట అనుకోకండి. 2020 జనవరిలో కేరళ నుంచి నేపాలు యాత్రకు వెళ్ళినవాళ్ళు దామన్ అనే కొండ ఊళ్ళో బస చేశారు. ఎనిమిదిమంది ఒకే గదిలో గ్యాసు హీటరు పెట్టుకొని తలుపులూ కిటికీలూ మూసుకొని పడుకున్నారు. రెండు జంటలు, నలుగురు పిల్లలు. ఒక్కరూ దక్కలేదు. చదువుకున్నవాళ్ళే, పిల్లలు వెచ్చగా ఉండాలని కోరుకున్నవాళ్ళే, మా అమ్మమ్మలాగే.

ఆ తర్వాత మావాడు నెలరోజులు ఈ చదువే చదివాడు. నేనూ వాడి పక్కన కూర్చుని నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. హీటర్లు రెండు జాతులు. మొదటిది మేం చూసిన ఎర్రపలక. అది మనం పీల్చే గాలినే తను కూడా పీల్చి, విడిచింది మన మధ్యే విడుస్తుంది. రెండోది మర్యాదస్తురాలు. ఒక గొట్టంతో బయటి గాలి తీసుకొని, మరో గొట్టంతో పొగ బయటికే వదిలి, వేడి మాత్రం లోపలికిస్తుంది. ధర ఎక్కువే. అయినా బండిలో రాత్రి పడుకోదలిచినవాళ్ళు కొనవలసింది అదే. దాన్ని కూడా తెలిసినవాడి చేత బిగించుకోవాలి, పొగగొట్టానికి ఏదీ అడ్డుపడకుండా చూసుకోవాలి.

ఎర్రపలకదే ఉంటే, మేలుకొని ఉన్నప్పుడు కాసేపు, అదీ కిటికీ తీసిపెట్టి. కళ్ళు మూతలు పడుతున్నాయంటే ముందు దాన్ని ఆర్పాలి. పడిపోతే దానంతటదే ఆరిపోయేదీ, గదిలో ఊపిరిగాలి తగ్గితే ఆరిపోయేదీ చూసి కొనాలి. అలాంటి ఏర్పాటుందని కిటికీ మూయడం మాత్రం పొరపాటు. పైగా, ఆ ఏర్పాటున్న హీటర్లలో కొన్ని పెద్ద ఎత్తులకు పోతే అసలు నిలిచి వెలగవట. లేహ్ ఊరే 3,500 మీటర్ల ఎత్తున ఉంది మరి!

పెద్దది కొంటే మంచిదనుకోవడం ఇంకో భ్రమ. అంత చిన్న బండికి ఒకటి రెండు కిలోవాట్లది చాలు. కిలోవాటు హీటరు గంటకు సుమారు 80 గ్రాముల గ్యాసు తాగుతుంది. కిలో గ్యాసు కాలితే లీటరున్నర నీటి ఆవిరి పుడుతుంది. ఎర్రపలకదైతే అదంతా లోపలే ఉండిపోయి, తెల్లారేసరికి అద్దాలు ఏడుస్తాయి, దుప్పట్లు చెమ్మగిల్లుతాయి. మన సిలిండర్లలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాసు. గడ్డకట్టే చలిలో బ్యూటేన్ సరిగా ఆవిరి కాదు. కొండల మీద మంట నీరసించేది అందుకే.

ఇక సిలిండరు సంగతి మనకు వంటింట్లో తెలిసిందే. నిలబెట్టి, కదలకుండా బెల్టుతో కట్టాలి. ఈ గ్యాసు గాలికంటే బరువు, కారితే నేలబారునే చేరుతుంది. అందుకని సిలిండరు పెట్టే అర అడుగున బయటికి ఒక రంధ్రం ఉండాలి. ట్యూబుకు ఐ.ఎస్.ఐ. గుర్తుండాలి. అతుకుల దగ్గర సబ్బునీళ్ళు రాసి బుడగలొస్తాయేమో చూడాలి, అగ్గిపుల్ల గీసి కాదు. కారితే 1906కు ఫోను చేయాలి. 2023 ఆగస్టులో మధురై స్టేషన్లో యాత్రికుల రైలుపెట్టె కాలి తొమ్మిదిమంది పోయింది, చాటుగా తెచ్చుకున్న సిలిండరు మీద చాయ కాచుకోబోయే గదా!

విషపు గాలికి వాసన లేదు కనుక, దాన్ని పసిగట్టి అరిచే అలారం ఒకటి పడుకునే చోటికి దగ్గర్లో పెట్టుకోవాలి. అది కిటికీకి తోడు, బదులు కాదు. ఒకే చోట ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే ప్రయాణపు బడలిక అనుకోవద్దు. ముందు బయటికి రావాలి, తర్వాత ఆసుపత్రికి పోయి అనుమానం చెప్పాలి.

మీకు వ్యాను లేకపోవచ్చు. స్నానాలగదిలో గ్యాసు గీజరుందా? కిటికీ లేని చిన్న గదిలో అదీ కుంపటే. ఇంట్లో కొత్త బాలింత ఉందా? ఆమెకు దుప్పటి కప్పండి, ఉన్ని టోపీ పెట్టండి. నిప్పు మాత్రం ఆ గదిలో పెట్టకండి.

ఆ రాత్రి మన్ననూరులో ఇక హీటరు వెలిగించలేదు. రెండు గొంగళ్ళు నలుగురం సర్దుకున్నాం. చలేసింది, అబద్ధమెందుకు! మా చెల్లెలు అర్ధరాత్రి లేచి కిటికీ మూయబోతే చిన్నమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఉండనియ్యి బిడ్డా. గాలి సోకనియ్యి” అంది.

తర్వాత అటు తిరిగి పడుకుంది. ఆమె ఏడ్చింది అప్పుడు. నాకు వినపడింది, కానీ వినపడనట్టే ఉండిపోయాను.