తీరం లేని దేశం నుండి సముద్రానికి



ప్రయాణాలలో మధుమేహుల జాగ్రత్తలను గురించి లోగడ వ్రాసినప్పుడు, సముద్ర ప్రయాణాన్ని గురించి వేరుగా వ్రాస్తానని మాట ఇచ్చాను. దానిని నిలబెట్టుకోవడానికి ఏడాది పట్టింది. వ్రాయవలసిన విషయంలో నా తప్పు ఒకటి ఇమిడి ఉండటం వల్ల ఇన్నాళ్ళూ తటపటాయించాను.

నేను ఓరుగల్లు వాడిని. చెరువుల నడుమ పెరిగినవాడిని. సముద్రాన్ని మొదటిసారి చూసింది వైద్యవిద్యార్థిగా విశాఖపట్నంలో. మా అమ్మాయి వియన్నాలో స్థిరపడింది. వేసవిలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళి రెండు నెలలు ఉండి వస్తాము. ఆస్ట్రియాకు కూడా తెలంగాణ వలెనే సముద్రతీరం లేదు. అయితే ఒకప్పుడు ఉండేది. వియన్నా నుండి ఆడ్రియాటిక్ సముద్రం మీది ట్రియెస్టె రేవుకు 1857 నాటికే రైలుమార్గం పూర్తయింది. పూలా పట్టణం వారి నౌకాదళానికి ముఖ్య స్థావరం. 1918లో సామ్రాజ్యంతో పాటు ఆ తీరమూ చేజారింది. మోజు మాత్రం పోలేదు. 2000లో సిడ్నీలోను, 2004లో ఏథెన్సులోను జరిగిన ఒలింపిక్స్‌లో తెరచాప పడవల పోటీలలో ఆస్ట్రియా స్వర్ణ పతకాలు గెలిచింది. వేసవి వచ్చిందంటే వియన్నా కార్లు దక్షిణ దిశగా క్రొయేషియాకు బారులు తీరుతాయి.

మా అల్లుడు కూడా ఆ మోజులో పడినవాడే. పడవ నడపడం వియన్నా దగ్గరి నోయ్‌జీడ్ల్ సరస్సులో నేర్చుకున్నాడు. విశాలమైన సరస్సే గాని, లోతు ఎక్కడా రెండు మీటర్లకు మించదు. పడవ బోల్తా పడితే చాలాచోట్ల లేచి నిలబడవచ్చు. మన హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పోటీలు చూసినవారికి ఆ వాతావరణం తెలిసే ఉంటుంది. తరువాత అతడు సముద్రానికి వేరే పరీక్ష వ్రాసి అనుమతి పత్రం, రేడియో వాడకానికి మరొక పత్రం సంపాదించాడు. ఇవి లేనిదే క్రొయేషియాలో పడవను అద్దెకిచ్చి మన చేతికి వదలరు.

నిరుడు ఎంపిక రెండు చోట్ల మధ్య జరిగింది. అల్లుడి మనసు గ్రీసులోని సైక్లడీస్ దీవుల మీద ఉంది. అమ్మాయి క్రొయేషియాలోని కోర్నాతి దీవులు అన్నది. జూలై, ఆగస్టు నెలలలో సైక్లడీస్‌లో మెల్టెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి ఉద్ధృతంగా వీస్తుంది. ఆకాశం నిర్మలంగానే ఉంటుంది, సముద్రం మాత్రం ఉడుకుతూ ఉంటుంది. దీవికి దీవికి మధ్య దూరాలూ ఎక్కువే. కోర్నాతి అలా కాదు. దీవులు ఒకదానికొకటి అడ్డుగా నిలిచి కెరటాలను ఆపుతాయి. వేసవి మధ్యాహ్నాలలో మాయెస్త్రల్ అనే వాయవ్యపు గాలి వీచి సాయంత్రానికి తగ్గుతుంది. భారతీయ పాస్‌పోర్టు గల మా బోటివారికి మరొక సౌలభ్యం కూడా ఉంది. 2023 జనవరి 1 నుండి క్రొయేషియా షెంగెన్ కూటమిలో చేరింది గనుక, ఆస్ట్రియాకు తీసుకున్న వీసాయే అక్కడా చెల్లుతుంది.

కోర్నాతి ఖాయమైంది. గాలి, దూరం, వీసా, ఖర్చు అన్నీ బల్ల మీద పెట్టి చర్చించాము. చర్చకు రానిది ఒక్కటే, పడవ ఎక్కబోయే ఐదుగురి ఆరోగ్యం. వైద్యుణ్ణి నేనే అక్కడ కూర్చుని ఉన్నాను. నేనూ ఆ మాట ఎత్తలేదు.

సముద్రంలో కడుపు త్రిప్పడం ఎందుకు వస్తుందో ముందు చెబుతాను. మన లోపలి చెవిలో శరీరపు కదలికను కనిపెట్టే అవయవం ఉంది. పడవ లోపలి గదిలో కూర్చున్నప్పుడు ఆ అవయవం ఊగుతున్నామని మెదడుకు కబురు పంపుతుంది. గోడలను చూస్తున్న కళ్ళు కదలడం లేదంటాయి. ఈ రెండు కబుర్లు పొసగక వికారం పుడుతుంది. మొదటి లక్షణం వాంతి కాదు. ఆవులింతలు, చల్లని చెమట, ముఖం పాలిపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం ముందు వస్తాయి. అప్పుడే పైకి వచ్చి దిగంత రేఖను చూస్తూ కూర్చోవాలి. చుక్కాని చేతికిస్తే ఇంకా మంచిది, పడవ ఎటు ఒరుగుతుందో నడిపేవాని మెదడుకు ముందే తెలుస్తుంది. ఇది బలహీనుల జబ్బని ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. బ్రిటిష్ నౌకాదళాధిపతి నెల్సన్ జీవితమంతా దీనితో బాధపడ్డాడు.

చాలామందికి రెండు మూడు రోజులలో శరీరం అలవాటు పడుతుంది. తీరం లేని దేశంవారికి చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది. అద్దె పడవ సాధారణంగా శనివారం నుండి శనివారం దాకా దొరుకుతుంది. అలవాటు పడేసరికి సగం వారం గడుస్తుంది. పైగా మేము శుక్రవారం రాత్రి వియన్నాలో కారెక్కి 7-8 గంటలు ప్రయాణించి, నిద్రలేని కళ్ళతో రేవు చేరాము. నిద్రలేమి, ఖాళీ కడుపు, ఎండ కలిస్తే వికారం రెట్టింపవుతుంది. ఒక రాత్రి ఒడ్డున నిద్రపోయి ఆదివారం ఉదయం బయలుదేరి ఉంటే ఎంతో మేలు జరిగేది. అద్దె డబ్బు వృథా అవుతుందని ఆ పని ఎవరూ చేయరు. మేమూ చేయలేదు.

ఇక నా తప్పు సంగతి. స్కోపోలమిన్ అనే మందు గల చిన్న పట్టీ ఒకటి దొరుకుతుంది. చెవి వెనుక అంటిస్తే చర్మం గుండా మూడు రోజులపాటు మందు అందుతుంది. వికారానికి బాగా పనిచేస్తుంది. అయితే కంటిలో ఒత్తిడి పెరిగే గ్లాకోమా గలవారు, ముఖ్యంగా కోణం మూసుకుపోయే రకం గలవారు, దీనిని వాడరాదు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రం సన్నగా వచ్చేవారు కూడా దీనికి దూరంగా ఉండాలి. వృద్ధులలో మతిభ్రమ కూడా కలిగించవచ్చు. పట్టీని తాకిన వ్రేళ్ళతో కన్ను నలుపుకుంటే కనుపాప విచ్చుకుని చూపు మసకబారుతుంది. ఇవన్నీ నాకు కంఠస్థం. నాకు ప్రోస్టేట్ వాపు ఉన్నదనీ తెలుసు. రాత్రికి నాలుగుసార్లు లేస్తానని ఇంట్లోవారికి మాత్రం తెలియదు, పక్కగదిలో పడుకునే అలవాటు నాది. అక్కడి వైద్యుడు పట్టీ వ్రాసి ఇస్తూ, మూత్ర సంబంధమైన ఇబ్బందులున్నాయా అని అడిగాడు. అమ్మాయి పక్కనే ఉన్నది. లేవన్నాను.

రెండవ రాత్రి కోర్నాతిలోని ఒక నిర్జనమైన వంపులో లంగరు వేశాము. పదకొండు గంటలకు లేచాను, రాలేదు. పన్నెండుకు లేచాను, రాలేదు. తరువాత పొత్తికడుపు కుండలా గట్టిపడింది. పడవలోని మరుగుదొడ్డి ఎంత ఇరుకో, దాని చేతిపంపు ఎంత చప్పుడు చేస్తుందో పడవ ఎక్కినవారికి తెలుసు. ఆ చప్పుడుకు అందరూ లేస్తారని చీకటిలో నోరు మూసుకుని కూర్చున్నాను. పట్టీ పీకి పారవేశాను గాని, చర్మంలో మిగిలిన మందు మరికొన్ని గంటలు పనిచేస్తూనే ఉంటుంది. నాలుగు గంటలకు మా ఆవిడ లేచి చూసింది.

"ముప్పైయేళ్ళు రోగులు దాచారని తిట్టారు గదండీ, ఇప్పుడు మీరేం చేశారు?" అన్నది. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

రాళ్ళ నడుమ చీకటిలో పడవ కదపడం ప్రమాదమని, తెలవారే దాకా ఆగి, అల్లుడు ఇంజను వేసి మూర్తెర్ దీవికి తెచ్చాడు. రెండున్నర గంటలు పట్టింది. ప్రతి కెరటం నా పొత్తికడుపు మీదనే విరిగింది. ఒడ్డున ఒక వైద్యశాలలో యువ వైద్యురాలు కాథెటర్ వేసి తొమ్మిది వందల మిల్లీలీటర్లు తీసింది. వృత్తి ఏమిటని అడిగింది. ఉపాధ్యాయుణ్ణని చెప్పాను. అది రెండవ అబద్ధం. మా సెలవు అక్కడితో ముగిసింది. మనుమరాలు కారులో వియన్నా దాకా ఏడుస్తూనే ఉన్నది.

కనుక చోటు ఎంచుకునే ముందు, పడవలో అందరికంటె బలహీనమైన దేహం ఎవరిదో తేల్చుకోండి. ఒడ్డు నుండి ఎన్ని గంటల దూరం పోవచ్చునో ఆ దేహమే చెబుతుంది. రక్తపోటుకు మూత్రం పోయే మాత్రలు వాడేవారు ఎండలోను, వాంతులలోను త్వరగా నీరసించిపోతారు. మధుమేహులలో గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వాంతులతో భోజనం మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి వాడేవారిలో అదే స్థితి రక్తంలో ఆమ్లాలు పెరగడానికి దారితీయవచ్చు, అదీ చక్కెర మరీ ఎక్కువగా కనిపించకుండానే. అట్టి రోజున ఏ మాత్ర ఆపాలో, ఏది ఆపరాదో మీ వైద్యుణ్ణి బయలుదేరక ముందే అడిగి కాగితం మీద వ్రాయించుకోండి. రక్తం పలుచబరచే మందులు వాడేవారికి తెరచాప అడ్డకొయ్య తలకు తగిలితే చిన్న దెబ్బ కాదు. మోకాళ్ళ నొప్పులవారు గదిలోకి దిగే నిలువు నిచ్చెనను ముందే చూసుకోవాలి. రెండు పొట్టుల పడవ తక్కువ ఒరుగుతుంది గనుక వృద్ధులకు సుఖమంటారు. కొందరికి దాని కుదుపు పడదు. మా ఆవిడ శొంఠినే నమ్ముకున్నది, ఆమెకు ఏమీ కాలేదు. అది శొంఠి మహిమో, ఆమె చెవి మహిమో నేను తేల్చలేను.

పట్టీకి తగనివారికి బిళ్ళలున్నాయి గదా అని అడుగుతారేమో. సిన్నరిజిన్ మత్తు కలిగిస్తుంది. ప్రోమెథజిన్ కూడా మూత్రాన్ని ఆపగలదు. రాత్రులు లేచే పెద్దలు దేనినీ అడగకుండా వేసుకోరాదు. ఐరోపాలో ఎక్కడైనా అత్యవసరానికి ఫోను 112, సముద్రంలో ఆపదకు రేడియో 16వ ఛానలు. ఈ రెండూ ఐదుగురికీ తెలిసి ఉండాలి, నడిపేవానికి ఒక్కడికే కాదు.

ఈసారి సెప్టెంబరు అనుకున్నాము. వేసవి వేడి నీటిలో ఇంకా మిగిలి ఉంటుంది, ఎండ తగ్గుతుంది. చోటు ఇస్త్రియా తీరం. పూలా నుండి రోవిన్యు, పోరెచ్ దాకా, ఒడ్డు వెంబడి, రోజుకు మూడు నాలుగు గంటలు. ప్రతి రాత్రీ రోడ్డున్న ఊరిలో బస. అల్లుడికి ఇది నోయ్‌జీడ్ల్ సరస్సులా చప్పగా ఉంటుందని తెలుసు. "పర్వాలేదు మామయ్యగారూ" అన్నాడు గాని, పటంలో సైక్లడీస్ వైపు చూస్తూ అన్నాడు.

పటం తెరవకముందు అమ్మాయి ఐదు తెల్లకాగితాలు పంచి, ఎవరి జబ్బులు, మందులు వారే వ్రాయాలన్నది. నేను మొదటి వరుసలోనే ప్రోస్టేట్ అని వ్రాశాను. మా ఆవిడ నా కాగితం తీసి చదివి, కలం అడిగి, అడుగున "ఎడమ చెవి సరిగా వినబడదు" అని చేర్చింది.