ఎవరెస్ట్ బేస్ క్యాంప్ నుంచి చవగ్గా ఇంటికి

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ చూసి దిగేవారిలో ఎక్కువమంది నడక 2,860 మీటర్ల ఎత్తులోని లుక్లాలో ముగుస్తుంది. అక్కడి చిన్న విమానం టికెట్టే తిరుగు ప్రయాణంలో పెద్ద ఖర్చు. పైగా సీజన్‌లో చాలా విమానాలు కాఠ్మాండుకు కాక రామెచ్చాప్ జిల్లా మంథలీకి వెళ్తాయి. అక్కడి నుంచి మళ్లీ నాలుగైదు గంటలు వ్యాను. మబ్బు పట్టిందా, విమానం ఎగరదు. లాడ్జి గది, భోజనం బిల్లు మాత్రం పెరుగుతుంది.

చవక దారి సల్లేరి మీదుగా. లుక్లా నుంచి రెండు మూడు రోజులు నడిచి, సల్లేరిలో షేర్ జీపు ఎక్కితే దాదాపు పగలంతా ప్రయాణించి కాఠ్మాండు చేరవచ్చు. మోకాళ్లు ఒప్పుకోవాలి, అంతే! జీపు రోడ్డు ఏటా పైకి పాకుతోంది గనక ఈ నడకా తగ్గుతోంది.

కాఠ్మాండు నుంచి సునౌలీ సరిహద్దు దాకా బస్సు, ఆపై గోరఖ్‌పూర్. అక్కడ బయల్దేరే రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ వరంగల్, విజయవాడ మీదుగా వెళ్తుంది, కానీ రోజూ ఉండదు. కొండల్లో తేదీలు జారుతాయి కాబట్టి రైలు టికెట్టు అనుకున్నదానికి రెండు మూడు రోజుల తర్వాతి తేదీకి చేయించుకోవడమే తెలివి. సరిహద్దులో భారతీయులకు వీసా అక్కర్లేదు; పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ దగ్గరుంచుకోవాలి.