ఆటబల్లపై దేవతలు

మా మండపేటలో ముక్కోటి ఏకాదశికీ, శివరాత్రికీ జాగరణ చేసే ఇళ్లలో నిద్రను జయించడానికి రెండు సాధనాలుండేవి. ఒకటి పురాణ కాలక్షేపం, రెండవది వైకుంఠపాళి. పెద్దలు అరుగు మీద పురాణం వింటూంటే పిల్లలం లోపల చాప పరచుకొని పటం చుట్టూ చేరేవాళ్లం. నిజానికి లోపల జరిగేదీ పురాణమే. కాకపోతే దాన్ని గవ్వలతో చదివేవాళ్లం.

ఆ పటాన్ని మా మామ్మగారు ఎన్నడూ వైకుంఠపాళి అనేవారు కాదు. ‘పరమపద సోపాన పటం’ అని నిండుగా పలికేవారు. అడుగు వరుసల్లో పశుపక్ష్యాదులు, నిచ్చెనల మొదట భక్తి, జ్ఞానం వంటి సుగుణాల పేర్లు, పాముల తలల దగ్గర రాక్షసుల పేర్లు, పైకి పోయేకొద్దీ పుణ్యలోకాలు, శిఖరాన పరమపదం. మా చింతపిక్కలు ఆ లోకాల గుండా ఎక్కుతూ జారుతూ తెల్లవారేదాకా తిరిగేవి. పెద్దపాము నోట పడిన పావు పశుజన్మకు దిగజారినప్పుడు నవ్వు, ఏడుపు రెండూ వినబడేవి. అంత భక్తిగల ఆటలోనూ ఎవరూ విష్ణువు కారు. ఆడేవాడు జీవుడు మాత్రమే. దేవుడు చేరవలసిన గడి, జరిపే పావు కాదు.

ఈ ఆట 1890లలో ఇంగ్లండు చేరింది. అక్కడ మన లోకాల పేర్లు పోయి, పొదుపు, కష్టపడి పనిచేయడం వంటి వారి సుగుణాలు నిచ్చెనలెక్కాయి. కాలక్రమాన అవి కూడా చెరిగిపోయి అంకెలు మిగిలాయి. 1943లో అమెరికాలో వెలువడిన రూపంలోనైతే పాములే లేవు, వాటి స్థానంలో పిల్లలు జారే జారుడుబల్లలున్నాయి. మతాన్ని తొలగించడం వల్ల ఆట చెడిపోయిందని నేననను. ఎవరి పిల్లలైనా ఆడుకోవడానికి వీలైంది. అయితే పాము ఎందుకు మింగుతుందో చెప్పేవారు మాత్రం లేకుండాపోయారు.

ఈ సంగతులన్నీ నేను తీరికగా ఆలోచించడానికి కారణం మా మేనల్లుడు. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్న ఆ కుర్రవాడు ఒక సంక్రాంతి సెలవులకు ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకొని వచ్చాడు. సంచిలో ఇరవై ముఖాల పాచికలు తెచ్చాడు. వాళ్లు ఆడేది వేషధారణ ఆట. దీనికి గడులుండవు. ఒకరు సూత్రధారిగా కూర్చుని కథాస్థలాన్ని వర్ణిస్తారు. తక్కినవారు తలా ఒక పాత్రను ఎన్నుకొని, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో అప్పటికప్పుడు చెబుతారు. గెలుపోటములు తేలని చోట పాచిక తీర్పు చెబుతుంది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది.

మావాడు కథను మన గోదావరి డెల్టాలోనే నడపదలచుకున్నాడు. అంతవరకు నాకు ఆనందమే. ఎక్కడో మంచుకొండల్లోని కోటలకు బదులు ద్రాక్షారామం దారి, వరిచేలు, కాలువ గట్లు ఆటలోకి రావడం ముచ్చటగా తోచింది. అంతలో వాడు తలెత్తి, “హనుమంతుడికి బలం ఎంత వెయ్యమంటావు మావయ్యా?” అని అడిగాడు. ఒకడు హనుమంతుడి పాత్ర ధరిస్తాడట!

ఇది వాడి సొంత తెలివి కాదు. 1980లో ఆ ఆటకు అనుబంధంగా అచ్చయిన దేవతల గ్రంథంలో గ్రీకు దేవతల సరసన మన ఇంద్రుణ్ణీ, అగ్నినీ, విష్ణువునూ కూడా చేర్చి, ఒక్కొక్కరి ప్రాణశక్తికి ఇంత అని అంకె వేశారు. గుళ్లో నిత్యం పూజలందుకునే దేవుడికి ప్రాణాంకం వేస్తే దాన్ని సున్నాకు దించాలని చూసేవాడు ఎక్కడో ఒకడు పుడతాడు. విచిత్రమేమంటే, అదే దశాబ్దంలో అమెరికాలోని కొందరు క్రైస్తవులు ఈ ఆట పిల్లలను దయ్యాలవైపు నడిపిస్తోందని ఆందోళన చేశారు. 1989 నాటి రెండవ కూర్పులో ప్రచురణకర్తలు దయ్యాలను సూచించే మాటలనే తొలగించారు.

మా మేనల్లుడు తన స్నేహితుల్లో ఒకడివైపు తిరిగి, “నువ్వు కూడా మీ మతం నుంచి ఒకరిని తెచ్చుకోరా” అన్నాడు. ఆ అబ్బాయిది ముస్లిం కుటుంబం. అతడు పాచికను నెమ్మదిగా బల్లపై పెట్టి, “మా ఇంట్లో ప్రవక్త బొమ్మ గీయం, వేషం కట్టం. మీరు ఆడండి, నేను చూస్తాను” అన్నాడు. గొంతులో కోపం లేదు. అయినా బల్ల చుట్టూ మాట ఆగిపోయింది. తన దేవుడు ఆటలోకి వస్తే అతనికి అపచారం, రాకపోతే స్నేహితుల కథలో అతడు చూసిపోయే చుట్టం.

దేవుడి వేషం మనకు కొత్తది కాదు. మాకు దగ్గరలోని కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కలిసి రాసిన ‘పాండవోద్యోగ విజయాలు’ ఆడని ఊరు ఈ ప్రాంతంలో అరుదు. 1957 నాటి ‘మాయాబజార్’లో కృష్ణుడైన నందమూరి తారక రామారావు రూపం పటమై ఇళ్ల గోడలనలంకరించింది. అయితే నాటకంలో కృష్ణుడి మాట కవి రాసిన పద్యం. నటుడు తన నోటికి వచ్చినది కృష్ణుడి చేత పలికించడు. వేషధారణ ఆటలో ఆ పద్యం లేదు. ఆకలేసిన ఇరవయ్యేళ్ల కుర్రవాడు ఆ క్షణాన ఏమంటే అదే హనుమంతుడి వాక్కు.

ఈ చిక్కుకు మన తోలుబొమ్మలాట ఎప్పుడో దారి కనిపెట్టింది. కాకినాడకు చేరువలోని మాధవపట్నం కళాకారుల బొమ్మలను గుర్తుచేసుకోండి. తెర మీద రాముడు, సీత కథ దాటి మాట్లాడరు. నోటికి పగ్గం లేనివారు బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు. ఊరి పెద్దల మీద చమత్కారాలు, ఆలుమగల తగవులు, ఒక్కొక్కప్పుడు మొరటు హాస్యం - అప్పటికప్పుడు పుట్టే మాటంతా వారిదే. రామాయణం పక్కనే నిలబడి వారు స్వేచ్ఛగా వాగుతారు, రామాయణానికి ఏ లోటూ రాదు.

ఆ మాటే పిల్లలకు చెప్పాను. “దేవుళ్లను గుళ్లోనే ఉండనివ్వండి. మీరు తీర్థానికి వెళ్లే జనం కండి. మొక్కులు మీవి, తగవులు మీవి, భయాలు మీవి.” మేనల్లుడు కాసేపు గునిశాడు. హనుమంతుడు లేకపోతే యుద్ధంలో రక్తి ఉండదని వాడి వాదం. ముందుగా ఒప్పుకున్నది చర్చికి వెళ్లే కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి. ఆమె కేతిగాడి చెల్లెలినంటూ ఒక గయ్యాళి పాత్రను సృష్టించి, మొదటి పూటలోనే పడవవాడితో జగడం పెట్టుకుంది.

రెండవ రాత్రి ఆ ముస్లిం అబ్బాయి బియ్యం వర్తకుడి పాత్రతో ఆటలో చేరాడు. వాన ముంచుకొచ్చి బాటసారులు ఆగిపోయిన చోట అతడే ఒక దర్గాను కల్పించి, ముంగిట అందరికీ చోటిప్పించాడు. తన వర్తకుడు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడన్నాడు. లోపల ఏం జరిగిందో తేల్చడానికి సూత్రధారి అలవాటుగా పాచిక అందుకోబోతే, “దానికి పాచిక వద్దు” అన్నాడు. మావాడు చెయ్యి వెనక్కి తీసుకొని, కాగితం మీద కాలువ పక్కన చిన్న జెండా గీశాడు. తరువాతి వంతు గయ్యాళిది.