నది మీది నడవా

పర్యాటకుల బస్సు ద్రాక్షతోటల నడుమ సాగుతూండగా గైడు షెనన్సో కోట కథ చెప్పాడు: షేర్ నదిపై వంతెనలా నిలిచిన 60 మీటర్ల నడవా, మొదటి ప్రపంచయుద్ధంలో అది క్షతగాత్రుల ఆసుపత్రి. 1940లో ఆ నదే ఆక్రమిత ఫ్రాన్సుకు సరిహద్దయినప్పుడు, ఎందరో ఆ నడవా చివరి తలుపు దాటి స్వేచ్ఛ పొందారు.

బస్సు ఆగింది. మోకాళ్ళ నొప్పులంటూ భర్త కూర్చునే ఉన్నాడు. ముప్పయ్యేళ్ళుగా ప్రతి యాత్రలోనూ అదే తీరు. విశాఖ నుంచి వచ్చిన ఆ ఇల్లాలు అలవాటు ప్రకారం ఒంటరిగానే నడిచింది. చివరి తలుపు వద్ద వెనుదిరిగి చూస్తే, గోడ ఆసరాగా భర్త వస్తున్నాడు.

“నువ్వూ అటే వెళ్ళిపోతావేమోనని...” అంటూ నవ్వబోయాడు.

ఆమె నవ్వలేదు, చేయి అందించింది. బస్సు బయలుదేరే వేళ దాటుతోంది. ఇద్దరూ తొందరపడలేదు.