ఉబెరాబాలో ఒంగోలు మంద

సావోపాలో నగరం నుంచి ఉత్తర దిశగా బస్సులో దాదాపు ఏడు గంటలు ప్రయాణిస్తే ఉబెరాబా వస్తుంది. బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రానికి చెందిన పట్టణమిది. పొలిమేరలో ఆ మంద కంటపడగానే నేను ఏ దేశంలో ఉన్నదీ ఒక్క క్షణం మరచిపోయాను. తెల్లని మేను, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు. అచ్చంగా మన ఒంగోలు పశువులే!

అక్కడివారు ఈ జాతిని ‘నెలోరె’ అంటారు. అది మన నెల్లూరే. తొలి పశువులు ఓడలెక్కిన 19వ శతాబ్దంలో ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. 1960ల ఆరంభంలో వెళ్ళిన ఒక ఆబోతు అక్కడి మేలిజాతికి మూలపురుషుల్లో ఒకటైంది. దాని పేరు కర్వాది. ఒంగోలుకు చేరువలోని కరవది గ్రామం పేరది. ఉబెరాబాలో జెబూ జాతులకు ప్రత్యేకంగా ఒక మ్యూజియం కూడా ఉంది. నేడు బ్రెజిల్ మాంసపు పశువుల్లో అత్యధిక భాగం ఈ జాతివీ, దీని సంకరాలూ.

తెల్లని వెంట్రుకల కింద నల్లని చర్మం ఉండటంవల్ల ఎండ వాటిని బాధించదు. ఆఫ్రికా నుంచి తెచ్చిన బ్రాకియారియా గడ్డి మేస్తూ ఏళ్ళ తరబడి ఆరుబయటే పెరుగుతాయి. అలా పెరిగిన పశువు మాంసంలో కొవ్వు తక్కువ. ఉన్న కొవ్వుకు పచ్చగడ్డిలోని కెరోటిన్ పసుపు ఛాయనిస్తుంది. ఒమేగా-3 ఆమ్లాలు ధాన్యం మేసిన పశువు మాంసంలో కన్నా అధికమే, కాని చేపతో పోల్చదగినంత కాదు. పీచు గట్టిది కనుక పెద్దమంటకు లొంగదు. నిహారీ వండే ఇల్లాలికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. మూపురాన్ని అక్కడ ‘కుపిం’ అంటారు. దానిని గంటల కొద్దీ సన్నని సెగపై కాలుస్తారు.

ముస్లిం దేశాలకు హలాల్ మాంసం ఎగుమతి చేయడంలో బ్రెజిల్ అగ్రగణ్యం. దివ్యఖుర్ఆన్ హలాల్‌తోపాటు ‘తయ్యిబ్’ అనే మాటను కూడా చేర్చింది. జిబహ్ సక్రమంగా జరిగిందని ముద్ర చెబుతుంది. ఆ పశువు ఏమి మేసిందో, ఎక్కడ మేసిందో చెప్పదు. చివరి మూడు నెలలు దొడ్డిలో నిర్బంధించి ధాన్యంతో బలిపించే పద్ధతి అక్కడా విస్తరిస్తోంది. పచ్చిక అన్నంత మాత్రాన అంతా నిర్మలమూ కాదు. అమెజాన్ అడవిని నరికి పరచిన పచ్చిక బయళ్ళు విస్తారంగా ఉన్నాయి. కొనేవారు ఈ ప్రశ్న వేయకపోతే అమ్మేవారు జవాబు చెప్పరు.

మన వైపు చూస్తే మరో వెలితి. గుండ్లకమ్మ పరిసరాల్లో పిల్లిపెసర మేసి బలిసిన జాతి ఇది. ట్రాక్టరు వచ్చాక ఎద్దుకు పని పోయింది, ఊరి బీళ్ళు ఒక్కొక్కటే కరిగిపోయాయి. పుట్టినచోట అరుదైన పశువు పరాయి గడ్డపై కోట్లలో ఉంది.

నహ్ల్ సూరా సాయంవేళ పశువులను ఇంటికి తోలుకువచ్చే దృశ్యంలోని అందాన్ని ప్రస్తావిస్తుంది. ఉబెరాబాలో ఆ వేళ గుర్రంపై కాపరి వెనుకనుంచి అదిలిస్తుండగా ఎర్రమట్టి దుమ్ములో తెల్లని మూపురాలు కదిలిపోయాయి. అతను పోర్చుగీసులో ఏదో కేక వేశాడు. అవి తలలూపుతూ మళ్ళాయి, కరవది బాటమీద మళ్ళినట్లే.