కొల్లేటి గట్టు నుండి ఆట మైదానానికి



"అయ్యగారూ, మీ పెద్దబ్బాయి పక్షుల ఫొటోలు తీసేవాడు గదా, ఇప్పుడు ఆటల ఫొటోలు తీస్తున్నాడట. అదీ ఒక ఉద్యోగమేనా?" అని సంఘములో చాలామంది మమ్మును అడుగుచున్నారు. దీనికి జవాబు చాలాకాలము మాకే తెలియలేదు. ఈ విషయములో దేవుడు మా దంపతులకు నేర్పిన దానిని మీతో పంచుకొనుచున్నాము.

మేము సేవ చేయుచున్న గ్రామము కొల్లేటికి దగ్గర. కైకలూరు ప్రక్కనున్న ఆటపాకలో చలికాలము వచ్చిందంటే గూడబాతులు గుంపులు గుంపులుగా చేరి, నీటి మధ్య అమర్చిన మంచెల మీద గూళ్లు కట్టుకొంటాయి. కాలేజీలో చదువుచుండగా మా అబ్బాయి ఒక పాత కెమెరా కొనుక్కొని, సెలవు వస్తే చాలు, తెల్లవారకముందే సైకిలు మీద అటు వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నానికి ఎండకు కమిలిన ముఖముతో వచ్చేవాడు. ఒక్కొక్క రోజు ఒక్క మంచి ఫొటో కూడ ఉండేది కాదు. మేము కోప్పడేవారము.

ఒకసారి మమ్మును కూడ తీసుకొని వెళ్లాడు. గట్టు ప్రక్క తుమ్మచెట్టు మీద కొంగల గూళ్లున్నాయి. దగ్గరగా చూద్దామని పిల్లల తల్లి ముందుకు నడవగా, చేయి పట్టి ఆపాడు. "వద్దమ్మా. మనము దగ్గరకు వెళితే తల్లి పక్షి లేచిపోతుంది. పిల్లలు ఎండకు మాడిపోతాయి, కాకులు ఎత్తుకొని పోతాయి. దూరముగా ఉండి కనిపెట్టాలి" అన్నాడు. ఆ మాట ఆనాడు మాకు అంతగా పట్టలేదు.

ఒక సంక్రాంతికి మా ఊరిలో కబడ్డీ పోటీలు జరిగాయి. పెద్దలు అడగగా మా వాడు ఫొటోలు తీశాడు. కూతకు వెళ్లిన ఆటగాడు ముగ్గురి మీదుగా గాలిలోకి లేచి, గీత వైపు చేయి చాచిన క్షణము అందులో ఒకటి. దానిని చూచిన ఒక విలేఖరి పత్రికకు పంపించాడు. అప్పటి నుండి పిలుపులు రాసాగాయి.

"పక్షులకూ ఆటగాళ్లకూ ఏమి సంబంధమురా?" అని అడిగాము. "పక్షి ఎగిరిన తరువాత మీట నొక్కితే ఆలస్యమైపోతుంది, నాన్నగారూ. ఎగరకముందే అది గాలికి ఎదురు తిరుగుతుంది, మెడ ముందుకు వంచుతుంది. కబడ్డీలో ఆటగాడి పాదాలు చూస్తే అదే తెలుస్తుంది. అటునుండి ఇటు వచ్చిన వాడిని నేను మొదటివాడినీ కాను. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ అనే ఆయన పన్నెండు కెమెరాలు వరుసగా నిలిపి పరుగెత్తే గుఱ్ఱాన్ని ఫొటోలు తీశాడు. తరువాత వ్యాయామము చేసే మనుషులను తీశాడు" అన్నాడు.

అయితే సరదా వేరు, జీవనోపాధి వేరు. పక్షి ఈరోజు దొరకకపోతే రేపు దొరుకుతుంది. గెలుపు పాయింటు మరల రాదు. సెకనులో వెయ్యవ వంతులో ఆ క్షణాన్ని పట్టుకోవాలి. ఆట ముగియకముందే ఆటగాళ్ల పేర్లు తప్పు లేకుండా వ్రాసి పంపించాలి. ఇండోర్ స్టేడియములో వెలుతురు చాలదు, ఆటగాళ్ల కళ్లలోకి ఫ్లాష్ కొట్టకూడదు. అందుకు పెద్ద లెన్సు కావలసి వచ్చింది. పాతదే అయినను మా శక్తికి మించిన ధర. పిల్లల తల్లి తన గొలుసు బ్యాంకులో తాకట్టు పెట్టింది. మొదటి సంవత్సరము ఫొటోకు ఇంత అని ఇచ్చేవారు. అదీ నెలల తరబడి అందేది కాదు.

డబ్బు కంటె మమ్మును బాధించినది మరొకటి. పోటీలు ఎక్కువగా ఆదివారములే జరుగుతాయి. మందిరములో కీబోర్డు వాయించేవాడు అతడే. ఆ స్థానము ఖాళీ అయినది. ఒక రాత్రి అతనిని కూర్చుండబెట్టి ఎరిక్ లిడెల్ చరిత్ర చెప్పాము. 1924 పారిస్ ఒలింపిక్సులో 100 మీటర్ల పరుగు హీట్స్ ఆదివారము పడినందున ఆయన ఆ పరుగే మానుకొన్నాడు. 400 మీటర్లలో 47.6 సెకనులలో పరుగెత్తి బంగారు పతకము పొందాడు. మరుసటి సంవత్సరము మిషనరీగా చైనా వెళ్లి, 1945లో అక్కడ నిర్బంధ శిబిరములోనే ప్రభువునందు నిద్రించాడు.

అంతా విని, "నాన్నగారూ, ఆయన అలా మానుకొన్నది తన మనస్సాక్షి చెప్పినందుకు గదా. నా మనస్సాక్షితో నన్ను కూడ మాట్లాడుకోనివ్వండి" అన్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా సంఘములో ఆదివారము డ్యూటీకి వెళ్లే నర్సులున్నారు, బస్సు డ్రైవర్లున్నారు. వారి కొరకు ప్రార్థన చేస్తాము. ఆటా వైద్యమూ ఒకటి కావు, నిజమే. కాని మా కోపానికి కారణము అది కాదు. "పాస్టరుగారి కొడుకే రావడము లేదు" అని నలుగురు అనుకొంటారేమోనని మా భయము. దేవుని దినము పేరు చెప్పి మా పరువును కాపాడుకొనుచున్నామని ప్రభువు సన్నిధిలో ఒప్పుకొన్నాము.

కొంతకాలానికి పట్టణములో సేవకుల కూటమికి వెళ్లి, శనివారము రాత్రి అతని గదిలో ఉన్నాము. మేము ఏమియు అడగకముందే అయిదు గంటలకు మమ్మును లేపాడు. ఆరు గంటల మొదటి ఆరాధనకు తీసుకొని వెళ్లాడు. కెమెరా సంచి కాళ్ల దగ్గర పెట్టుకొని చివరి వరుసలో మోకరించాడు. అక్కడి నుండి నేరుగా మైదానానికి వెళ్లాము. అతడు గీత వెలుపల నేలమీద కూర్చున్నాడు. దగ్గరకు వెళ్లి మాట్లాడాలని మనసు లాగింది గాని, ఆ తుమ్మచెట్టు జ్ఞాపకము వచ్చి మెట్ల మీదనే కూర్చున్నాము.

ప్రియ తల్లిదండ్రులారా, మా ఇంట అన్నీ సర్దుకొన్నవని చెప్పము. ఆరాధన అందని ఆదివారములు అతనికి ఇప్పటికీ ఉన్నాయి. ఆ దినములలో మా మనసు నొచ్చుకొంటూనే ఉన్నది. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉన్నది, వడ్డీ మాత్రము క్రమముగా కడుతున్నాడు. అయినను ఒకటి నేర్చుకొన్నాము. బిడ్డలకు వాక్యము నేర్పుట మన పని. గూటిని మాటిమాటికి కదిలించుట మన పని కాదు. దూరముగా ఉండి, ప్రార్థనతో కనిపెట్టుదము. వారిని మనకంటె దగ్గరగా చూచువాడు ఒకడున్నాడు.

ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.